అభ్యంతరం లేదు

వాలీబాల్ నెట్ సరిగ్గా బిగిసిందో లేదో తెలుసుకోవడానికి విజిల్ మేడం పై తాడును వేలితో మీటి చూస్తుంది. తాడు టంగుమనాలి. ఆ సాయంత్రం అది ఊగి ఊరుకుంది.

"ఎవరే కట్టింది? దీనిమీద బట్టలారేసుకోవచ్చు," అంది మేడం.

మూలన కూర్చుని మోకాళ్ళకు పట్టీలు తొడుక్కుంటున్న అమ్మాయిలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. జవాబు ఇవ్వాల్సిన పనీ పడలేదు. మేడం అప్పటికే గుంజ దగ్గరికి వెళ్ళి పిడి తిప్పుతూ, తను ఆడే రోజుల్లో నెట్ కట్టడమంటే ఎంత శ్రద్ధగా ఉండేదో, గాలికి తాడు సాగకుండా ఏం చేసేవాళ్ళో, ఈ కాలం పిల్లలకు ఆ ఓపిక ఎందుకు లేదో చెప్పుకుపోతోంది. మెడలో విజిల్ వేలాడుతుంటుందిగాని దాన్ని ఊదే అవసరం ఆమెకు ఎప్పుడోగాని రాదు. గొంతే చాలు. విజిల్ మేడం అని పిల్లలు చాటుగా పిలుచుకుంటారని ఆమెకు తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

బెంచీ మీద ఫోను మోగింది.

"మేడంగారూ, నేనండీ. ఫైనల్స్ జరగబోయే కాలేజీ కోచ్‌నండీ," అంది అవతలి గొంతు, మెత్తగా.

"ఆ పిల్ల విషయమేగా?"

"అవునండీ. మీరొక్క మాట అభ్యంతరం లేదంటే..."

"ఉంది బాబూ. బోలెడంత అభ్యంతరం ఉంది. ఒక కాలేజీలో నేర్చుకుని ఇంకో కాలేజీకి మారినవాళ్ళు ఒక సీజను ఆడకుండా కూర్చోవాలని రూలెందుకు పెట్టారనుకున్నావ్? కూరగాయలు ఏరుకున్నట్టు పెద్ద కాలేజీలు మా పిల్లల్ని ఏరుకుపోతున్నాయనే. ఆ రూలు కావాలని ఆటల సంఘం సమావేశంలో బల్ల గుద్ది మాట్లాడినదాన్ని నేను. ఇప్పుడు నేనే వద్దంటానా?"

"మేము ఏరుకోలేదండీ, ఆ అమ్మాయే..."

"రూలు రూలే."

"సరేనండీ," అన్నాడు ఆ కుర్రాడు. అతనలా వెంటనే సరేననడంతో మేడంకు ఇంకా ఒళ్ళు మండింది. అనడానికి దాచుకున్న మాటలు చాలా మిగిలిపోయాయి.

ఆ పిల్లను అందరూ దూది అంటారు. సెట్టర్‌గా ఆడేది. నెట్ దగ్గర నిలబడి, వచ్చిన బంతిని స్మాష్ కొట్టేవాళ్ళకు అందంగా లేపి ఇవ్వడం సెట్టర్ పని. మిగతావాళ్ళ చేతుల్లో బంతి టప్‌మంటుంది. ఆ పిల్ల వేళ్ళకు తగిలితే చప్పుడే ఉండదు, దూదిలో పడి లేచినట్టు లేస్తుంది. మనిషీ అంతే, మాటా పలుకూ తక్కువ. మేడం ఆ వేళ్ళను చూసే మొత్తం జట్టును అల్లుకుంది. తీరా ఈ ఏడు కాలేజీ తెరిచాక, దూది వేరే కాలేజీలో చేరిందని ఆఫీసు గుమాస్తా చెప్పాడు. ఆ పిల్ల కాదు, గుమాస్తా! మేడంకు నొప్పి అక్కడుంది. దానికే ఆమె అభ్యంతరమని పేరు పెట్టుకుంది.

"ఏయ్ బుడ్డీ, రా," అని పిలిచింది.

కొత్త సెట్టర్ పరుగెత్తుకొచ్చింది. మొదటేడాది పిల్ల, పొట్టిగా, గుండ్రంగా, నేలకు కొట్టిన రబ్బరు బంతిలా ఎగురుతూ ఉంటుంది. చేతులు మాత్రం గట్టివి. ఆమె లేపిన బంతిని నిచ్చెన అని పిలిచే కెప్టెన్ తన పొడుగంతా ఉపయోగించి ఎలాగోలా అవతలికి బాదుతోంది. అలా బాదుకుంటూనే జట్టు పోటీల చివరి అంచెదాకా వచ్చింది.

"వేళ్ళు విప్పవే. రొట్టె తడుతున్నావా?" అంది మేడం.

"లేదు మేడం," అంది బుడ్డి. అని, ఇంకేదో అనబోయింది. మేడం అప్పటికే వేళ్ళ గురించి మొదలుపెట్టింది.

బస్సు ఆ కాలేజీ గేటు దాటేసరికి పొద్దు వాలుతోంది. మేడం ముందు సీట్లో కూర్చుని డ్రైవరుకు దారి చెబుతోంది. డ్రైవరుకు దారి తెలుసు.

ఆటగాళ్ళ బస దగ్గర మెట్లమీద ఒక అమ్మాయి మెడలో కార్డు వేసుకుని నిలబడి ఉంది. పక్కన నీళ్ళ డబ్బాలు, దుప్పట్ల కట్టలు. బస్సు ఇంకా ఆగనే లేదు, వెనకనుంచి కేకలు లేచాయి.

"ఒసే దూదీ!"

"అది కాదే, అది ఇంత లావు లేదు!"

"అదేనే! తిండి బాగున్నట్టుంది ఇక్కడ!"

తలుపు తెరుచుకోగానే అమ్మాయిలంతా ఒకరినొకరు తోసుకుంటూ దిగి ఆ పిల్ల మీద పడ్డారు. నిచ్చెన అయితే ఆమెను నడుం పట్టుకుని అమాంతం పైకి ఎత్తేసింది. ఒక దుప్పటి కట్ట దొర్లి విడిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

మేడం చివరగా దిగింది. గోల ఆగింది. దూది జుట్టు సరిచేసుకుని ముందుకొచ్చింది.

"బాగున్నారా మేడం?"

"ఊఁ."

"ప్రయాణం..."

"ఆడనివాళ్ళకు మోత పనులు చెప్పారన్నమాట," అంది మేడం, డబ్బాల వంక చూస్తూ.

"నేనే అడిగాను మేడం. మీ జట్టుకి వేస్తే చేస్తానని."

మేడం చేతిసంచీ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని, "గదులు ఎటు?" అంది.

గదిలో దుప్పటి నలగకుండా పరిచి ఉంది. మేడంకు రెండు దిళ్ళు లేకపోతే నిద్ర పట్టదు. మంచం మీద రెండు దిళ్ళున్నాయి. మిగతా గదుల్లో ఒక్కొక్కటే అని పిల్లలు సణగడం వినబడింది. మేడం ఆ రెండో దిండును కాసేపు అనుమానంగా చూసి, దానిమీదే తల పెట్టుకుని పడుకుంది.

మర్నాడు పొద్దున్న సెమీఫైనల్లో జట్టు గెలిచింది. ఎలా గెలిచిందని అడిగితే చెప్పడం కష్టం. అవతలివాళ్ళు ఎక్కువ తప్పులు చేశారు, అంతే. మేడం ఆట సాంతం గీత పక్కన నిలబడి అరుస్తూనే ఉంది. రిఫరీ ఆమెను వెనక్కి జరగమని చెప్పీ చెప్పీ చెయ్యి నొప్పెట్టి ఊరుకున్నాడు. రెండో ఆటలో ఆతిథ్య కాలేజీ కూడా గెలిచింది. వాళ్ళ సెట్టర్ అసలు సెట్టరే కాదు. స్మాష్ కొట్టే పిల్లను గత్యంతరం లేక ఆ చోట నిలబెట్టారు. బంతి తనవైపు వస్తుంటే ఎదురింటి కుక్క వస్తున్నట్టు చూస్తోంది పాపం.

"రేపు మనదే," అంది మేడం భోజనాల దగ్గర. పిల్లలు తలలూపారు. ఆ ఊపడంలో జీవం లేదు. గెలిచినవాళ్ళ బల్లమీద ఇంత నిశ్శబ్దమేమిటా అని మేడం ఒక్క క్షణం అనుకుంది. అనుకుని, ఆ నిశ్శబ్దాన్ని తన మాటలతోనే నింపేసింది.

సాయంత్రం నేల జారుడు ఎలా ఉందో చూద్దామని ఒక్కతే హాలుకు వెళ్ళింది. లోపల దీపాలు వెలుగుతున్నాయి. నవ్వులు వినబడుతున్నాయి. తలుపు సందులోంచి చూసింది.

దూది, ఆ స్మాష్ కొట్టే పిల్ల, ఇద్దరే ఉన్నారు. దూది బంతి విసురుతోంది, ఆ పిల్ల లేపుతోంది.

"బంతికి భయపడకే తల్లీ, అది నిన్ను కరవదు! కిందకి దూరు, ఇంకా దూరు... ఆఁ, ఇప్పుడు వదులు! చూశావా? ఇంకోటి. ఈసారి నవ్వకుండా. నవ్వితే వేళ్ళు వణుకుతాయి. అయ్యో, నన్ను నవ్వించకు!"

మేడం తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ గొంతు గోడలకు తగిలి తిరిగొస్తోంది. నిండుగా, గలగలమంటూ ఉంది. ఈ పిల్లకు ఇంత గొంతుందా? తన కోర్టులో ఇన్నాళ్ళాడింది, "సరే మేడం" తప్ప రెండో మాట విన్న గుర్తు లేదు. ఇక్కడి నీళ్ళలో ఏముందో అనుకోబోయింది, కానీ అనుకోలేకపోయింది.

చప్పుడు కాకుండా వెనక్కి తిరిగింది.

బస మెట్లమీద నిచ్చెన కూర్చుని, వేళ్ళకు చుట్టిన టేపు ఊడదీస్తోంది. మేడం ఆమె పక్కనే చతికిలబడింది. కెప్టెన్ బెదిరిపోయింది. మేడం ఎప్పుడూ ఎవరి పక్కనా అలా కూర్చోదు.

"ఏమే, ఆ పిల్ల నాకు చెప్పకుండా ఎందుకెళ్ళింది?"

నిచ్చెన టేపును ఉండ చుట్టింది. విప్పింది. మళ్ళీ చుట్టింది.

"దాన్నే అడగండి మేడం," అంది చివరికి. "అడిగి... తప్పుగా అనుకోకండి... అడిగాక కాసేపు ఆగండి."

"ఆగడమంటే?"

"అంటే, మాట్లాడకుండా."

ఈ మాటకు మామూలుగా అయితే కోర్టు చుట్టూ పరుగు శిక్ష పడేది. నిచ్చెన కూడా దానికి సిద్ధపడినట్టే కాళ్ళు దగ్గరికి లాక్కుంది. మేడం మాత్రం లేచి, కొంగు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

భర్త ఫోను చేశాడు. ఆయన పళ్ళ డాక్టరు. ఇంట్లో తనకు నోరు తెరిచే వీల్లేదు కాబట్టే ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించే వృత్తి ఎంచుకున్నానని చుట్టాలందరి దగ్గరా అంటుంటాడు.

"ఏం చేస్తున్నావ్?"

మేడం జవాబివ్వలేదు.

"హలో? లైను తెగిందా?"

"లేదు. ఉన్నాను."

"ఉండి మాట్లాడట్లేదా? ఒంట్లో బాగాలేదా? నన్ను బయల్దేరి రమ్మంటావా?"

"ఏవండీ, ఆ దూది మనింటికెప్పుడైనా వచ్చిందా? సెలవల ముందు?"

"వచ్చింది. నీతో ముఖ్యమైన మాటుందంది. లోపలికెళ్ళమ్మా, నీకు గనక మాట దొరికితే ఎలా దొరికిందో నాక్కూడా చెప్పు అన్నాను. కాసేపటికి ఒక డబ్బా నిండా లడ్డూలు, కొత్త మోకాలి పట్టీలు పట్టుకుని బయటికొచ్చింది. మాట దొరికిందా అంటే, లేదు డాక్టరుగారూ అని వెళ్ళిపోయింది."

మేడంకు ఆ పట్టీలు గుర్తున్నాయి. తనే ఇచ్చింది. వచ్చే ఏడాదికి వాడుకోమని, గంటసేపు మాట్లాడి మరీ ఇచ్చింది.

తెల్లవారి టిఫిను కూడా తినకుండా మేడం హాలు వెనక సామాన్ల గదికి వెళ్ళింది. దూది అక్కడ ఫైనల్‌కు కావాల్సిన బంతులకు గాలి కొడుతోంది. పంపు సూదిని తడి గుడ్డకు అద్ది, బంతి కన్నంలో మెల్లగా తిప్పుతూ దింపుతోంది. మేడంను చూసి లేవబోయింది.

"కూర్చో, కూర్చో." మేడం కింద కూర్చుని, బంతి కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. "కొట్టు."

దూది పంపు కొట్టింది. బంతి మేడం చేతుల్లో కొద్దికొద్దిగా గట్టిపడింది.

"నాకెందుకు చెప్పలేదే?" అంది మేడం. అని, నోరు గట్టిగా మూసుకుంది.

పిల్ల పంపు కొట్టింది. ఆపింది. బంతిని బొటనవేలితో నొక్కి చూసింది. ఆ కాసేపట్లో మేడం మనసులో కనీసం నాలుగు ఉపన్యాసాలు తయారై, నాలుక చివరిదాకా వచ్చి, పళ్ళకు కొట్టుకుని వెనక్కెళ్ళాయి. బంతిని అంత గట్టిగా పట్టుకుందేమో, వేళ్ళు తెల్లబడ్డాయి.

"చెబుదామని వచ్చాను మేడం," అంది దూది, మేడం మధ్యలో అందుకుంటుందేమోనని అనుమానంగా. మేడం పెదవి కదపలేదు. "ఒకసారి మీరు బోర్డు దగ్గరున్నారు. వచ్చే ఏడాది ఎలా ఆడాలో బొమ్మ గీసి చూపించారు. మధ్యలో నన్ను పెట్టి, చుట్టూ అందర్నీ గీశారు. అంత సంతోషంగా గీస్తుంటే... ఆ మధ్యది తుడిచెయ్యండని ఎలా చెప్పను? తర్వాత ఇంటికొచ్చాను. పట్టీలిచ్చారు."

మేడం బంతిని ఒడిలోకి లాక్కుంది.

"ఈ కాలేజీలో ఒక చదువుంది మేడం. ఇంకెక్కడా లేదు. చెయ్యి లేనివాళ్ళకి చెయ్యి, కాలు లేనివాళ్ళకి కాలు చేసి అమర్చడం." పిల్ల పంపు పక్కన పెట్టేసింది. చేతులు గాల్లోకి లేచాయి. "ముందు సుద్దతో అచ్చు తీస్తాం. అది ఆరాక గీకాలి, సన్నగా, చాలా సన్నగా. ఒక్కచోట ఎక్కువైతే ఆ మనిషికి జన్మంతా ఒరుసుకుంటుంది. కళ్ళతో చూస్తే తెలీదు మేడం, వేళ్ళతో తడిమితేనే తెలుస్తుంది. పోయిన వారం ఒక పోస్టుమాన్‌కి కాలు పెట్టారు. చేసింది మా సారే, కానీ లోపలి భాగం నునుపు చేసింది నేను. ఆయన లేచి నిలబడ్డాడు. గది ఈ చివర్నించి ఆ చివరికి నడిచాడు. నడిచి ఏమన్నాడో తెలుసా? ఇది రెండోదానికంటే బాగుందమ్మా, దీనికి ఆనెకాయలు లేవు, అన్నాడు!"

పిల్ల నవ్వింది. నిన్న తలుపు సందులోంచి విన్న నవ్వే. ఈసారి తనకోసం.

"ఆడకపోతే బాధ లేదా?" అంది మేడం. చిన్న ప్రశ్న. జీవితంలో ఆమె అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ చిన్నది.

"ఉంది మేడం. బోలెడు. కానీ ఒక్క సీజనేగా, ఆగుతాను. మీకు కోపం వచ్చిందే, దానికే..." దూది ఇంకో బంతి అందుకుంది. "ఇది కూడా పట్టుకుంటారా?"

మేడం పట్టుకుంది. బంతులన్నీ అయ్యేదాకా పట్టుకుంది. ఆమె మనసులో ఒక ఆలోచన అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఆ రూలు పెట్టింది పిల్లల్ని ఎగరేసుకుపోయే కాలేజీల కోసం. ఈ పిల్లను ఎవరూ ఎగరేసుకుపోలేదు. తన కాళ్ళమీద తను నడిచి, తను కోరుకున్న చోటికి వచ్చింది. ఆ రూలును తను ఇన్నాళ్ళూ దేనికి వాడుతోంది? పిల్లను శిక్షించడానికి. అది తెలిసొచ్చి కాస్త సిగ్గుపడింది. ఆ సిగ్గు వెనకే, ఎందుకో, ఒళ్ళు తేలికైంది.

జట్టు గదిలో అమ్మాయిలు బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నారు. మేడం తలుపు వేసింది. అందరూ పెద్ద ప్రసంగానికి సర్దుకుని కూర్చున్నారు.

"దూదిని ఆడనిద్దామా?" అంది మేడం.

ఎవరూ కదల్లేదు. ఆమె ప్రశ్న అడుగుతుందని ఎవరికీ అలవాటు లేదు. అడిగి జవాబుకోసం ఆగుతుందని అసలే లేదు.

"మమ్మల్నా అడుగుతున్నారు?" అంది నిచ్చెన.

"నేనొప్పుకుంటే అది ఆడొచ్చు. అది ఆడితే మనం ఓడిపోవచ్చు. గెలుపైనా ఓటమైనా ఆడేది మీరు. చెప్పండి."

నిచ్చెనకు ఒప్పుకోవాలని ఉంది, మొహంలోనే తెలుస్తోంది. కానీ ఆమె బుడ్డి వంక చూసింది. అందరూ బుడ్డి వంకే చూశారు. ఎదురుగా దూది నిలబడితే, పక్కపక్కన పెట్టి పోల్చేది ఈ పొట్టిదాన్నే కదా.

బుడ్డి తాడు కడుతున్న బూటును వదిలేసి లేచింది.

"మేడం, సీజనంతా మీరు నన్ను రోజూ ఆ అక్కతోనే పోలుస్తున్నారు. కనబడని మనిషితో పోటీ పడలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్కసారి ఎదురుగా నిలబెట్టండి. నా సంగతేంటో నేనూ చూసుకుంటాను."

ఆ గదిలో లేచిన కేకకు గోడకున్న అద్దం అదిరింది. ఎవరో బుడ్డిని భుజాలమీదకెత్తుకున్నారు. కట్టని బూటు ఊడి మేడం కాళ్ళ దగ్గర పడింది. మేడం వంగి దాన్ని తీసి, మోకాలిమీద కూర్చుని బుడ్డి కాలికి తొడిగి, తాడు కట్టింది.

సంఘం కార్యదర్శి హాలు ముందు బల్ల వేసుకుని కూర్చున్నాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. మేడంను చూడగానే దాన్ని పైకి నెట్టుకున్నాడు.

"మొన్న ఫోన్లో మీరు ఈ కుర్ర కోచ్‌కి రూలు నేర్పారట. అది చాలదా మేడం?"

"అది సగమేనండీ. మిగతా సగం ఇవాళ చెబుతాను. పాత కాలేజీ కోచ్‌కు అభ్యంతరం లేకపోతే ఆడవచ్చు. నాకు అభ్యంతరం లేదు."

"మొన్న బోలెడంత ఉందన్నారట?"

"మొన్న ఉంది."

"మనసు మార్చుకోడానికి కారణం చెప్పాలి మరి."

"రాసుకోండి. అమ్మాయి మాట్లాడింది, నేను విన్నాను."

కార్యదర్శి కలం ఎత్తిపట్టుకుని ఆగాడు. "ఇదీ ఒక కారణమేనా?"

"మా ఆయన్నడగండి, ఎంత పెద్ద కారణమో చెబుతారు."

పక్కనే ఉన్న కుర్ర కోచ్ ఈ మాటలన్నీ విని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తేరుకుని, "మేడంగారూ, మీరేమీ అనుకోకపోతే... ఇలాగైతే మీరు ఓడిపోయే ప్రమాదముందండీ," అన్నాడు ఎంతో మర్యాదగా.

"ముందు ఓడించు నాయనా, తర్వాత జాలిపడుదువుగాని," అంది మేడం. ఎక్కువ సంబరపడింది మాత్రం సెట్టర్‌గా నిలబెట్టిన ఆ స్మాష్ పిల్ల. తన చోటు తనకు తిరిగి దొరుకుతోందని వినగానే హాలు చుట్టూ ఒక రౌండు పరుగెత్తి వచ్చింది.

ఆ ఆటను చూసినవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు.

మొదటి సెట్టు దూది వాళ్ళు తేలిగ్గా లాక్కుపోయారు. బంతి ఆ పిల్ల వేళ్ళనుంచి చప్పుడు లేకుండా లేస్తుంటే, ఎటు లేస్తుందో ఇటువాళ్ళకు అంతుపట్టలేదు. ఆట మధ్యలో విరామం తీసుకున్నప్పుడు అమ్మాయిలు మేడం చుట్టూ గుండ్రంగా చేరి, తిట్లకోసం ఎదురుచూశారు.

"బుడ్డీ," అంది మేడం, "దాన్ని అందరికంటే దగ్గరగా చూస్తున్నది నువ్వు. నీకేం కనబడుతోంది?"

బుడ్డి రొప్పుతూనే, "వెనక్కి ఇచ్చే ముందు ఎడమ మడమ లేస్తోంది మేడం. కొంచెమే. ముందుకిస్తే లేవదు," అంది.

మేడం నోరు తెరిచింది. అన్నేళ్ళుగా ఆ పిల్లను ఆడించిన తనకు ఆ సంగతి తెలీదు. "మరింకేం, అందరికీ చెప్పు," అంది.

రెండో సెట్టులో బుడ్డి కళ్ళు అవతలి మడమ మీదే. "వెనక! ముందు! వెనక!" అని అరుస్తోంది. నిచ్చెన అటే ఎగిరి చేతులు అడ్డం పెడుతోంది. స్మాషులు గోడకు కొట్టినట్టు తిరిగి వాళ్ళ కోర్టులోనే పడుతున్నాయి. అమ్మాయిలు ఒకరినొకరు పిలుచుకుంటున్నారు, అదిలించుకుంటున్నారు, నేలమీద దొర్లి లేచి నవ్వుకుంటున్నారు. తన జట్టు ఇంత గట్టిగా మాట్లాడుకుంటూ ఆడడం మేడం ఎప్పుడూ చూడలేదు. ఇన్నాళ్ళూ వాళ్ళ చెవుల్లో తన గొంతే నిండి ఉంది మరి. బెంచీ మీద రెండు చేతులూ తొడలకింద పెట్టుకుని కూర్చుంది. రిఫరీ మాటిమాటికీ ఆమె వంక చూస్తున్నాడు, ఏమైనా అయిందేమోనని.

ఆట ఆఖరి సెట్టుదాకా వెళ్ళింది. అక్కడా ఇద్దరూ సమానం. దూది మెత్తగా నెట్ పైనుంచి ఖాళీలోకి ఒక బంతి జార్చింది. ఇక అయిపోయిందనుకున్నారంతా. బుడ్డి ఎక్కడినుంచి వచ్చిందో, చేప దూకినట్టు దూకి, బంతి నేలను తాకేలోగా అరచెయ్యి కింద పెట్టింది. బంతి లేచింది. నిచ్చెన కొట్టింది. పాయింటు! నెట్‌కు అవతలనుంచి దూదే ముందు చప్పట్లు కొట్టింది.

చివరి బంతికి మడమ లేవలేదు. బుడ్డి "ముందు!" అని అరిచింది. అందరూ ముందుకే ఎగిరారు. బంతి మాత్రం వెనక్కి లేచింది. ఒక్క వంపు తిరిగి, స్మాష్ పిల్ల ఎగిరిన చోటికి తనంతట తనే వచ్చి ఆగినట్టు ఆగింది. ఆ పిల్ల కొట్టిన దెబ్బ కోర్టు మధ్యలో మోగింది.

"అబ్బ! ఎంత బాగా వేసిందే!" అన్న గొంతు హాలంతా వినబడింది.

ఓడిన అమ్మాయిలందరూ వెనక్కి తిరిగి చూశారు. మేడం బెంచీ మీద నిలబడి ఉంది. తను ఎప్పుడు లేచిందో, బెంచీ ఎప్పుడెక్కిందో ఆమెకే తెలీదు. గబుక్కున దిగి, చీర సర్దుకుని, గంభీరంగా మొహం పెట్టబోయింది. బుడ్డి ముందు నవ్వింది. ఆ తర్వాత ఎవరి వల్లా కాలేదు.

దూది నెట్ కిందనుంచి దూరి పరుగెత్తుకొచ్చింది.

"మేడం, మడమ సంగతి బుడ్డి కనిపెట్టేసింది కదా, ఆఖర్లో గాని నాకర్థం కాలేదు, ఆ చివరి బంతికి ఆ మడమను నేలకి అతికించుకుని ఆడానంటే నమ్మండి, పిక్క పట్టేసింది, అసలు ఆ పిల్ల ఎక్కడ దొరికింది మీకు, ఆ దూకుడేంటి, నేనైతే ఆ బంతి ఎత్తేదాన్ని కాదు, ఇంకో సంగతి, మూడో సెట్టులో మీ ముందు వరుస..."

మేడం రెండుసార్లు ఏదో అనబోయింది. సందు దొరకలేదు. ఇక ఆ ప్రయత్నం మానేసి, చెమటతో తడిసిన ఆ తలను రెండు చేతులా దగ్గరికి తీసుకుని, పిల్ల మాట్లాడుతున్నంతసేపూ వింటూ నిలబడింది.

తిరుగు ప్రయాణంలో బస్సు హోరెత్తిపోయింది. ఓడిపోయిన జట్టని ఎవరూ అనుకోరు. వెనక సీట్లలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. బుడ్డి దూకిన దూకుడును సీట్ల మధ్య దారిలో మళ్ళీ మళ్ళీ దూకించి చూస్తున్నారు. మేడం ముందు సీట్లో కిటికీకి తల ఆనించి కూర్చుంది. డ్రైవరుకు దారి చెప్పడం మరిచిపోయింది. మలుపు వచ్చినప్పుడు డ్రైవరే ఉండబట్టలేక, "ఇక్కడ ఎడమవైపేగా మేడం?" అని అడిగాడు.

నిచ్చెన సీట్లు పట్టుకుంటూ ముందుకొచ్చింది. మేడం పక్కన నిలబడి టేపు ఉండను చుట్టింది, విప్పింది.

"మేడం, మీరు విన్నా వినకపోయినా ఇవాళే చెప్పేస్తాను. రేపటికి ధైర్యం ఉండదు. వచ్చే ఏడాది నేను కూడా మారిపోదామనుకుంటున్నాను. సముద్రం ఒడ్డు కాలేజీకి. ఓడలు నడపడం నేర్పుతారట."

వెనక గోల ఠక్కున ఆగిపోయింది. సెట్టర్ పోయి సంవత్సరం తిరగలేదు, ఇప్పుడు కెప్టెన్! మేడం నోరు తెరిచింది. బస్సులో అందరూ ఊపిరి బిగబట్టారు. ఆ తెరిచిన నోరు కాసేపు అలాగే ఉండి, మెల్లగా మూతపడింది. మేడం కిటికీ వైపు జరిగి, ఖాళీ అయిన చోటును అరచేత్తో తట్టింది.

నిచ్చెన ముడుచుకుని కూర్చుంది. ఆమె మోకాళ్ళు ముందున్న కడ్డీకి గుద్దుకున్నాయి.

"ఎంత పెద్ద ఓడ?" అంది మేడం.